లలిత వరుసలో నేను నింపిన గడి

2022 ఆగస్టు. మహబూబాబాద్ జిల్లాలో కొత్తగూడ వైపున్న అడవి మండలాల్లో ఒకదానిలో నేను డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని. అప్పటికి ఐదేళ్లుగా అదే పని, అదే కుర్చీ. మండలం పేరు రాయడం లేదు. మనుషుల పేర్లు మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

నా పని ఏమిటో ముందు చెప్పాలి. బడుల్లో సి.డబ్ల్యు.ఎస్.ఎన్. అనే మాట వింటుంటారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలని అర్థం. చూపు తక్కువవాళ్లు, నడవలేనివాళ్లు, వినలేనివాళ్లు, బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్నవాళ్లు అందరూ అందులోకే వస్తారు. వాళ్ల వివరాలు, వాళ్లు ఎంతవరకు నేర్చుకున్నారన్న లెక్కలు బడి నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లాకు, అక్కడి నుంచి పైకి వెళ్తాయి. మధ్యలో కూర్చునేది నాలాంటివాడు. టీచర్లు కాగితం మీద రాసిస్తారు. నేను ఎక్సెల్ షీటులోకి ఎక్కించి పోర్టల్‌లోకి పంపుతాను. అన్నీ నిండితే ఆ వరుస పచ్చగా మారుతుంది. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఎర్రగా నిలబడుతుంది. గడువులోగా మండలం మొత్తం పచ్చగా కనిపించాలి. జిల్లా నుంచి నన్ను అడిగేది అదొక్కటే.

ఆఫీసు వెనకగదిలో, పంచగా మిగిలిన పాఠ్యపుస్తకాల కట్టల మధ్య నా టేబుల్ ఉండేది. మా మండల విద్యాధికారికి ఇంకో రెండు మండలాల ఇన్‌ఛార్జి, వారానికి రెండు రోజులు వచ్చేవారు. మా ఊరు పాలకుర్తి దగ్గర. అమ్మానాన్నలు పోయారు. అన్న కుటుంబం స్టేషన్ ఘన్‌పూర్‌లో స్థిరపడింది. కాంట్రాక్టు ఉద్యోగమని నాకు సంబంధాలు కుదరలేదు. ముప్ఫై ఎనిమిదేళ్లు వచ్చాక నేనూ వెతకడం మానేశాను. పొద్దున హోటల్లో "ఒక చాయ్" అన్న మాట తర్వాత సాయంత్రం దాకా నోరు తెరవని రోజులు చాలా ఉండేవి. నా ముందు తెర మీద నూట ఎనభై మంది పిల్లలుండేవారు. వాళ్లలో ఒక్కరి ముఖం కూడా నాకు తెలియదు.

మూడు నెలలకోసారి ఈ పిల్లలకు ప్రగతి పత్రం నింపుతారు. అందులో ఇరవై అంశాలుంటాయి. ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు అని మార్కులు. అంతా కలిపి నలభై. అంతకుముందు వరకు జిల్లాకు మొత్తం ఒక్కటే పంపేవాళ్లం. ఆ ఆగస్టులో కొత్త ఉత్తర్వు వచ్చింది, ఇరవై అంశాలూ విడివిడిగా ఎక్కించాలని. నేను తిట్టుకుంటూనే మొదలుపెట్టాను. మూడో రోజు మధ్యాహ్నం లలిత పత్రం చేతికొచ్చింది.

లలిత, ఐదో తరగతి, వయసు పది. లోపం ఏదో తెలిపే కోడ్: మేధో వైకల్యం, అంటే బుద్ధి ఎదుగుదలలో లోపం. మొత్తం పదహారు. పాత పత్రాలన్నిటిలోనూ పదహారే. ప్రతిసారీ నేను 'స్వల్ప ప్రగతి' అని ఎంచుకుని కింది వరుసకు పోయేవాడిని. ఈసారి అంకెలు ఒక్కొక్కటిగా కొడుతుంటే చెయ్యి ఆగింది. మిగతా పిల్లల వరుసల్లో సున్నాలు, ఒకట్లు, రెండ్లు కలిసి ఉన్నాయి. ఈ పిల్ల వరుసలో ఒకటి అన్నదే లేదు. అయితే రెండు, లేకపోతే సున్నా.

రెండు ఎక్కడ వచ్చిందో చూశాను. రంగులు జత చేయడం, చూసి రాయడం, కూడికలు చేయడం, బొమ్మ గీయడం, తనంతట తాను తినడం. అలాంటివి ఎనిమిది. సున్నాలు పన్నెండు. పేరు పిలిస్తే స్పందించడం, చెప్పిన వస్తువు తెచ్చి ఇవ్వడం, తన ఊరి పేరు చెప్పడం, కథ విని జవాబు చెప్పడం.

కూడికలు, అందులోనూ పది దాటితే పక్క వరుసకు ఒకటి చేర్చేవి, ఒక్క తప్పు లేకుండా చేసే పిల్ల "పలక తీసుకురా" అంటే ఎందుకు తేలేకపోతోంది? నేను డాక్టరును కాను, టీచరును కాను. అంకెలు కొట్టేవాణ్ని. కానీ ఆ వరుసను ఎటునుంచి చదివినా నాకు ఒకటే తోచింది. ఈ పిల్లకు వినపడదు.

మంజుల మేడంకి ఫోన్ చేశాను. ఆమె మా స్పెషల్ టీచరు. ఆ పత్రాలు నింపేది ఆమే.

"అన్నా, నాకు మూడు మండలాలు," అంది ఆమె. "ఆ బడికి నెలకొక్కసారి పోత. నేను చేరేటప్పటికే పిల్లకు కోడ్ పడి ఉన్నది. నేను చదివింది గూడ బుద్ధి లోపమున్న పిల్లల గురించే. పిలిస్తే పలకకపోతే గదే అనుకున్న." తర్వాత మెల్లగా అడిగింది. "కోడ్ ఎవరిచ్చిండ్రన్నా? డాక్టరేనా?"

చూసి చెప్తానన్నాను.

బీరువా మీద 2018 సర్వే కట్టలున్నాయి. దుమ్ము దులిపి, బడివారీగా తీసి చూస్తే ఆ కాగితం దొరికింది. అప్పటికి లలితకు ఆరేళ్లు, అప్పుడే బడిలో చేరింది. అప్పుడున్న టీచరు చక్కటి చేతిరాతతో రాశాడు: 'పిలిస్తే పలకదు. మాటలు రావు. పరీక్ష చేయించాలి.' పక్కన కోడ్ రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

కాగితం మీద తేదీ చూశాను. ఆ రోజు నాకు గుర్తొచ్చింది. సర్వే ఎక్కించడానికి అదే ఆఖరి రోజు. లలిత వాళ్ల గూడేనికి అప్పట్లో ఫోన్ సిగ్నల్ లేదు. టీచరుకు నాలుగుసార్లు ఫోన్ చేస్తే కలవలేదు. జిల్లా నుంచి గంటకోసారి "మీ మండలం ఇంకా ఎర్రగనే ఉన్నది" అని ఫోన్లు. ఎక్సెల్‌లో పై గడి మూల పట్టుకుని కిందికి లాగితే అదే విలువ కింది గడుల్లోకి వచ్చేస్తుంది. పై వరుసలో వేరే బడి పిల్లవాడున్నాడు, అతనికి మేధో వైకల్యం. లాగాను. మండలం పచ్చగా మారింది. ఆ సాయంత్రం జిల్లా వాట్సాప్ గ్రూపులో నాకు అభినందనలు కూడా వచ్చాయి.

లలితకు కోడ్ ఇచ్చింది డాక్టరు కాదు. నేను.

మరునాడు ఎం.ఇ.ఓ. సారు, అంటే మా మండల విద్యాధికారి, వచ్చారు. అంకెలు చూపించి నా అనుమానం చెప్పాను. కాగితం సంగతి మాత్రం నోట్లోనే ఆగిపోయింది.

"నువ్వేమన్న చెవుల డాక్టరువా?" అన్నారాయన. కోపంగా కాదు, అలసటగా. "ఐదు రోజులైతే డేటా ఫ్రీజ్. ముందు మండలం పూర్తి చెయ్. తర్వాత చూద్దాం."

ఫ్రీజ్ అంటే ఆ తర్వాత పోర్టల్‌లో ఏదీ మార్చడానికి వీలుండదు. నేను ఒకరోజు సెలవు పెట్టాను.

మంజుల మేడం స్కూటీ మీద ముందు వెళ్తుంటే నేను బండి మీద ఆమె వెనక వెళ్లాను. బడి ఒకే గది, ముందు రేకుల పంచ. పిల్లలు పంచలోనే కూర్చుని రాసుకుంటున్నారు. ఐదేళ్లలో నా షీటులోని పిల్లను ఎదురుగా చూడటం అదే మొదటిసారి. చివరి వరుసలో, నూనె రాసి గట్టిగా అల్లిన జడలతో, మోకాళ్ల మీద పలక పెట్టుకుని ఉంది. రాస్తూ రాస్తూ తలెత్తి పక్కవాళ్ల చేతులు చూసేది, టీచరు ముఖం చూసేది. అందరూ పుస్తకం తెరిస్తే తానూ తెరిచేది, ఒక్క క్షణం వెనకగా.

ఎలా పరీక్షించాలా అని మేడం, నేను గుసగుసలాడుకుంటుండగానే వాన అందుకుంది. రేకుల మీద ఒక్కసారిగా రాళ్లు కుమ్మరించినట్టు చప్పుడు. పిల్లలంతా కేకలు పెట్టి చెవులు మూసుకుని నవ్వులు మొదలుపెట్టారు. టీచరు కూడా మాట ఆపేసి పైకి చూశాడు. లలిత మాత్రం తల వంచుకుని లెక్క చేస్తూనే ఉంది. జల్లు వచ్చి పలక మీద పడ్డాకే ఉలిక్కిపడి లేచింది.

మంజుల మేడం నా వైపు తిరిగింది. ఆమె కళ్లు నిండాయి.

వాన తగ్గాక తల్లిని వెతుక్కుంటూ వెళ్లాం. పేరు సారక్క. భర్త బోరు బండి మీద పనికి వేరే రాష్ట్రాలు తిరుగుతాడు, ఏడాదికి రెండుసార్లు వస్తాడు. ఆమె పత్తి చేనులో కలుపు తీస్తోంది. మమ్మల్ని చూసి గట్టు మీదికి వచ్చి చేతుల బురద కొంగుకు తుడుచుకుంది.

"పిల్లకేమన్న అయిందా మేడం?"

"ఏం గాలేదక్కా. మీ లలితకు ఇనబడుతదా లేదా అని అడుగుదామని వచ్చినం," అంది మేడం.

సారక్క మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నాకు ఎర్కనే గద. దానికి ఇనరాదు. చంటిపిల్లప్పుడు పెండ్లి బ్యాండు పక్కకెంచి పోయినా నిద్ర లేవకపోయేది. గప్పుడే ఎర్కైంది నాకు."

"మరి ఎవరికైనా చెప్పినవా అక్కా?" అన్నాను.

"ఎవలడిగిండ్రు సారూ?" అంది. తర్వాత తనే చెప్పింది. "ఒక్కపారి చెవుల డాక్టర్లు వస్తుండ్రంటే ఆటోల తీస్కపోయిన మండలానికి. లైన్ల నిలబడ్డం. మా వంతు వచ్చినంక లిస్టు జూసి దీని పేరు లేదన్నరు. దీనిది బుద్ధి జబ్బు, కంప్యూటర్ల గట్లనే ఉన్నది, ఇంకో దినం రా అన్నరు. కంప్యూటర్ల ఉన్నదంటే మనమేమంటం? సదువుకున్నోళ్లు రాసిండ్రు. నాకే సరిగ ఎర్క లేదేమో అనుకున్న. గా దినం కైకిలి పైసలు గూడ పోయె."

ఆ శిబిరం జాబితా ప్రింటు తీసింది నేనే. కోడ్‌ను బట్టి విడదీసి, ఎవరు ఏ రోజు రావాలో పట్టిక వేసి గేటు దగ్గర అతికించింది కూడా నేనే. ఆ రోజు వాళ్లు నా గది కిటికీ ముందు నుంచే వెళ్లి ఉంటారు.

"అక్కా, ఆ కంప్యూటర్లో రాసింది నేనే," అన్నాను. "సదువుకున్నోళ్లు ఆలోచించి రాయలేదు. గడి ఖాళీగా ఉందని, ఆఖరి రోజని, పైదాన్ని చూసి నింపేసిన. నీకు తెలిసిందే నిజం."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. చేను వైపు తిరిగింది. తడిసిన పత్తి ఆకుల మీద నుంచి నీళ్లు కారుతున్నాయి.

"నాలుగేండ్లు," అంది. "నాలుగేండ్ల సంది పిల్ల ఒక్కతే గూసుంటుంది సారూ ఆడ. ఎవలు మాట్లాడరు. మాట్లాడినా దానికి తెల్వది. ఇంటికొస్తే నా చెయ్యి వట్టుకుని ఇడువది." నా వైపు తిరిగి అడిగింది. "సరె, ఇప్పుడేం జేయాలె?"

సారక్క లలితను తీసుకుని వరంగల్ పెద్ద దవాఖానకు మూడుసార్లు తిరిగింది. రెండోసారి నేనూ వెళ్లాను. ఆడియోమెట్రీ అంటే చప్పుళ్లు వినిపించి ఎంతవరకు తెలుస్తుందో కొలిచే పరీక్ష. గాజు గదిలో లలిత చెవులకు పెద్ద పరికరం పెట్టుకుని మా వైపు చూస్తూ కూర్చుంది. సారక్క గాజుకు ఇవతల నుంచి చేతితో ఏదో చెప్పేది, ఆ పిల్ల నవ్వేది. వాళ్లిద్దరికీ ఒక భాష ఉంది. బొటనవేలు నోటి దగ్గర పెడితే అన్నం. గడ్డం కింద చెయ్యి ఆడిస్తే నాయిన. ఇంకా అలాంటివి చాలా ఉన్నాయి. ఆ భాష వచ్చినవాళ్లు లోకంలో ఇద్దరే.

డాక్టరమ్మ కాగితం చూసి, "రెండు చెవులకూ బాగా తక్కువ వినికిడి. పుట్టుకతోనే," అంది. "ఆరేళ్లకే ఎందుకు తీసుకురాలేదమ్మా? అప్పుడు చెవి మిషన్ పెట్టి నేర్పిస్తే కొంతైనా మాట వచ్చేది. ఇప్పుడు పెట్టినా చప్పుడు తెలుస్తుందంతే. మాటలు రావడం చాలా కష్టం."

సారక్క నా వైపు చూడలేదు. "గప్పుడు తెల్వలేదమ్మా," అంది.

తెలియనిది ఆమెకు కాదు. డాక్టరమ్మకు నిజం చెప్పాల్సింది నేనే. చెప్పలేదు. ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ వాళ్లకు మూడు సీట్ల వెనక కూర్చున్నాను.

ఇక నా షీటు. చేను నుంచి తిరిగొచ్చిన మరునాడే, ఫ్రీజ్ కాకముందే, ఆ ఏడాదికి కోడ్‌ను వినికిడి లోపంగా మార్చాను. వెంటనే జిల్లా నుంచి వేరియేషన్ అడిగారు. అంటే పోయిన ఏటి అంకెకు, ఈ ఏటి అంకెకు తేడా ఎందుకొచ్చిందో కారణం చెప్పాలి. కారణాలు వరుసగా ఇచ్చి ఉంటాయి, ఒకటి ఎంచుకోవాలి: మరణం, వలస, బడి మార్పు, రెండుసార్లు నమోదు, ఇతర. మేం తప్పు రాశాం అనే కారణం ఆ వరుసలో లేదు. 'ఇతర' అని పెట్టి, వివరంగా ఒక ఉత్తరం రాసి, 2018 కాగితం నకలు జతచేసి జిల్లా కోఆర్డినేటర్ సారు దగ్గరికి వెళ్లాను.

ఆయన పూర్తిగా చదివారు. మంచి మనిషి. "గిది రాతపూర్వకంగ ఇయ్యకు తమ్మీ," అన్నారు. "నీది కాంట్రాక్టు. రేపు ఏదన్న అయితే నీ మీదికే వస్తది."

"పాత సంవత్సరాలవి సరిదిద్దొచ్చా సార్?"

"అయి లాక్ అయినయ్. ఎవ్వలు తెరవలేరు."

ఉత్తరం ఇచ్చి, రసీదు తీసుకుని వచ్చాను. ఉద్యోగం పోలేదు. జవాబూ రాలేదు. ఆ నాలుగేళ్ల రిపోర్టుల్లో లలిత ఇప్పటికీ మేధో వైకల్యం, స్వల్ప ప్రగతి అనే ఉంది.

తర్వాత నాలుగు నెలలు ఆదివారాలు ఆఫీసు తాళం తీసుకుని ఒక్కణ్నే కూర్చున్నాను. నూట ఎనభై కాగితాలూ తీసి, ఎక్కడెక్కడ గడి ఖాళీగా వస్తే నేను నింపానో వెతికాను. ఇంకో రెండు పేర్లు దొరికాయి. ఒకరికి నేను వేసిన కోడే సరైనదని తేలింది, అదృష్టం. రెండో పిల్లవాడి కుటుంబం పనుల కోసం ఎటో వెళ్లిపోయింది. బడిలో అడిగాను, గూడెంలో అడిగాను. ఆ పిల్లవాడు ఎక్కడున్నాడో ఈ రోజుకీ నాకు తెలియదు.

లలిత మరుసటి జూన్‌లో ఊరికి దూరంగా ఒక పట్టణంలో బధిరుల ఆశ్రమ పాఠశాలలో చేరింది. మంజుల మేడం పట్టుపట్టి చేర్పించింది. సైగల భాష మొదటి నుంచి నేర్పాలని కింది తరగతిలో వేశారు. దసరా సెలవులకు వచ్చిందని తెలిసి చూడటానికి వెళ్లాను. వాకిట్లో ఎత్తు పెరిగిన లలిత రెండు చేతులతో గబగబా ఏదో చెబుతోంది. ముఖమంతా వెలుగు. వేళ్లు అంత వేగంగా కదలడం నేను అంతకుముందు చూడలేదు. సారక్క ఎదురుగా కూర్చుని ఆ చేతుల వంకే చూస్తోంది.

"ఏమంటున్నదక్కా?" అన్నాను.

"తెల్వది సారూ." ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. "ఆడ నేర్పిండ్రు, గిది వేరే. నేను అన్నం తింటవా అని ఎన్కటి లెక్క బొటనేలు వెడితే, గట్ల కాదని నా చెయ్యి వట్టుకుని దిద్దుతది. నా చేతులు తప్పంటది. దానికి ఆడ నలభై మంది దోస్తులున్నరట. మంచిగైంది. మస్తు మంచిగైంది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకెవరు నేర్పుతరు సారూ గీ మాట?"

మంజుల మేడం అప్పుడప్పుడు ఫోన్‌లో సైగల వీడియోలు పంపిస్తుందని, సారక్క వాటిని చూసి ఒక్కొక్కటే నేర్చుకుంటోందని తర్వాత తెలిసింది.

ఆ మరుసటి ఏడు నాకు భూపాలపల్లి జిల్లాకు బదిలీ అయింది. ఇక్కడా వెనకగదే, ఇక్కడా ఒక్కణ్నే. పని కూడా అదే. కానీ ఇప్పుడు మొత్తం ఒక్కటే అడిగినా నేను ఇరవై అంకెలూ చదువుతాను. కాగితంలో గడి ఖాళీగా వస్తే దాన్ని అలాగే ఉంచి, ముందు పిల్ల తల్లికి ఫోన్ చేస్తాను. ఫోన్ కలవకపోతే ఆదివారం బండి తీస్తాను. తల్లులకు చాలా తెలుసు. కోడ్ పేరు వాళ్లకు తెలియకపోవచ్చు గానీ, అడిగితే పది నిమిషాల్లో పిల్ల మొత్తాన్ని కళ్లముందు పెడతారు. అలా అడిగేసరికి గడువు దాటుతుంది, మా మండలం తెర మీద ఎర్రగా ఉంటుంది. పోయిన ఏడాది దానికి సంజాయిషీ అడుగుతూ నాకు మెమో ఇచ్చారు. సంతకం పెట్టి తీసుకున్నాను.